పేర్లు మోయలేని మిషను

మా ఇంటాయన పేరు ఉమామహేశ్వరం. నోటితో చెప్పే అలవాటు లేదు గానీ రాయడానికి అడ్డేమీ లేదు. ఊళ్ళో అందరూ మహేశ్వరంగారనేవారు. రొయ్యల కంపెనీలో చేరాక కంప్యూటర్ మహేశ్వరంగారయ్యారు. మొన్న శ్రావణంలో పోయారు. చెప్పుకోదగ్గ గొప్పలేమీ లేవు ఆయన బతుకులో. ఇంకెవరూ రాయరు గనక నేనే రాస్తున్నాను.

పుట్టింది యానాం పక్కన మెట్టకూరులో. మామగారు ఫ్రెంచివాళ్ళ కాలంలో ఆఫీసు బంట్రోతు. ఆయన వెనకాల వెళ్ళి, దొరలు భోజనాలకి లేచినప్పుడు అక్కడి టైపు మిషను మీద వేళ్ళాడించి ఈయన టైపు నేర్చుకున్నారు. ఆ మిషను మీద అక్షరాలు వేరే వరసలో ఉండేవట. తరవాత యానాం ఇండియాలో కలిసింది, ఇంగ్లీషు మిషన్లొచ్చాయి. ఈయన వేళ్ళు మాత్రం పాత వరసలోనే పడేవి. A కొట్టాల్సిన చోట Q పడేది. ఆ తప్పుకే ఒక వకీలుగారి దగ్గర పని పోయింది. ఆ తరవాత బియ్యం మిల్లు, కొబ్బరి కొట్టు, సినిమా హాల్లో టికెట్లు చింపడం. ఏదీ నిలవలేదు. పని పోయిన రోజున కూడా ఇంటికొచ్చి గొంతు పెంచేవారు కాదు. చొక్కా విప్పి వంకీకి తగిలించి, "ఇదిగో, కాస్త చారన్నం పెట్టు" అనేవారు. అప్పుడు నాకు తెలిసిపోయేది.

మాకు ఒక పిల్లాడు పుట్టి, పురుడు వెళ్ళకుండానే పోయాడు. తరవాత లేరు.

ఎనభయ్యారులో గోదారి గట్టు మీద రొయ్యల కంపెనీ వాళ్ళు షెడ్డు వేశారు. మేనేజరు వీరభద్రరావుగారిది కాకినాడ. మద్రాసు నుంచి కంప్యూటరు తెప్పించి, టైపొచ్చిన వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే, ఐసు గదిలో పనిచేసే లూయిస్ మా ఆయన పేరు చెప్పాడు. లూయిస్ మా వీధి వాడే, చర్చి వెనక ఇల్లు. అలా దొరికింది ఆ ఉద్యోగం. వేళ్ళు అప్పటికి దారిలో పడ్డాయి లెండి.

షెడ్డులో పని ఇలా జరిగేది. దరియాలతిప్ప, కనకాలపేట మగాళ్ళు రాత్రంతా వేటాడి వస్తే, పొద్దున్నే ఆడవాళ్ళు రొయ్యల తట్టలు పట్టుకుని షెడ్డుకొచ్చేవారు. కాటా వేసేవారు. తట్ట ఎవరిదో పక్కావిడ చెబితే, ఆ పేరూ తూకమూ మా ఆయన మిషన్లో కొడితే చిన్న కాయితం పడేది, దాన్ని స్లిప్పు అనేవారు. లూయిస్ కిటికీ దగ్గర నిలబడి స్లిప్పు మీద పడ్డ మగాడి పేరు పైకి చదివితే, అతని పెళ్ళాం చెయ్యి చాపి తీసుకునేది. ఆ తరవాతే తట్టకి ఐసు. ముందే ఐసు వేస్తే నీళ్ళు కలిసి తూకం మారిపోతుందని అది కంపెనీ కట్టడి. స్లిప్పు పడే దాకా రొయ్య ఎండలోనే. ఎండలో ఆలస్యమైతే తల నల్లబడుతుంది, తల నల్లబడిన రొయ్యని కంపెనీ పక్కకి తోసేస్తుంది.

మరి పేరు సంగతి. దరియాలతిప్పలో తాత పోతే ఆ పేరు ప్రతి కొడుకూ తన పెద్ద పిల్లాడికి పెట్టుకుంటాడు. అలా ఓలేటి ధర్మారావు అని పోయిన ఒక పెద్దాయనకి ఊరు నిండా మనవలు, అందరూ ఓలేటి ధర్మారావులే. పోనీ పెళ్ళాన్ని అడుగుదామా అంటే మొగుడి పేరు ఆవిడ చెప్పదు. మామగారి పేరు అసలే చెప్పదు. మద్రాసు ఇంజనీరు రాసిచ్చిన ప్రోగ్రాంలో ఇంటిపేరు, పేరు మాత్రమే పడేవి. లూయిస్ "ఓలేటి ధర్మారావు" అని చదివితే కిటికీలోకి ఒక్కసారే బోలెడు చేతులొచ్చేవి.

ఇది చూడలేక మా ఆయన ఆ ఇంజనీరు వదిలి వెళ్ళిన ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవారు. చాలా రోజులకి ఆ ప్రోగ్రాంలో తన చేత్తో ఒక పని చేశారు. ఇంటిపేరుకి పేరు, దానికి తండ్రి పేరు, దానికి పడవ మీది గుర్తు, ఇవన్నీ అతికి స్లిప్పు మీద వరసగా పడేటట్టు. ఓలేటి ధర్మారావు, తండ్రి అప్పన్న, ఎర్రచేప పడవ. లూయిస్ అలా చదివిన మొదటి రోజున బంగారమ్మ అనే ఆవిడ ఒక్కతే చెయ్యి చాపింది. "మా మావగోరి పేరు నోరారా సదివించారు బాబూ, నాను అనకుండానే తెలిసిపోయింది" అందిట. ఆ సాయంత్రం ఈయన ఇంటికొచ్చి చొక్కా విప్పలేదు. చొక్కాతోనే అరుగు మీద కూర్చుని ఆ మాటే రెండుసార్లు చెప్పారు. అంత సంతోషం ఆయన మొహాన మళ్ళీ చూడలేదు.

ఎనభయ్యేడు దసరాకి షెడ్డులో ఆయుధపూజ చేశారు. కాటాలకి, ఐసు ఆడించే మోటారుకి, వ్యానుకి అన్నిటికీ పసుపు, కుంకం. కంప్యూటరు మా ఆయన చేతిలో ఆయుధం కదా, దానికీ చేశారు. కంప్యూటరుకి ఒక భాష ఉంటుందిట. ఆ భాష కూడా ఫ్లాపీ అనే నల్ల అట్టలో ఉంటుంది. పొద్దున్నే ఆ ఫ్లాపీ పెట్టి భాష ఎక్కించాక గానీ స్లిప్పుల ప్రోగ్రాం నడవదు. ఈయన పెట్టెలో ఉన్న ఫ్లాపీలన్నీ పీట మీద వరసగా పరిచి, ఒక్కొక్కదానికీ తడి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆ నల్ల అట్టకి మధ్యలో ఒక కన్నం ఉంటుంది, అందులోంచి గోధుమరంగు రేకు కనిపిస్తుంది. మొహంలాగా అదొక్కటే కనిపిస్తుంటే బొట్టు అక్కడే పెట్టారు. స్లిప్పుల ఫ్లాపీ మిషను నోట్లో ఉండిపోవడం వల్ల బతికింది. భాష రాసి ఉండేది ఆ రేకు మీదేనట, భాష ఫ్లాపీ, దాని నకలు, రెండూ పోయాయి.

మర్నాడు మిషను గరగరమంది తప్ప పలకలేదు. రొయ్యలు వేరుచేసే ఆడవాళ్ళకి పెద్ద జోసెఫిన్. ఆవిడ గుమ్మంలో నిలబడి, "అమ్మవారికి బొట్టు మరీ కళ్ళలో పెట్టేశారండి మహేశ్వరంగారూ, అలిగింది. మా ఫాదరుగారి చేత తీర్థం చల్లిద్దామా?" అంది.

"పసుపుకే మూగబోయింది. నీళ్ళు కూడా చల్లితే నేరుగా పైకే" అన్నాడు లూయిస్.

ఈయన కూడా నవ్వారు. నవ్వకేం చేస్తారు.

మద్రాసుకి ఫోను చేస్తే పాత భాష ఇప్పుడు లేదన్నారు. కొత్త వెర్షను వచ్చింది, అది ఇంకా మంచిది అని పంపారు. పెట్టారు. మిషను పలికింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు. ఆ వారంలోనే మొదలైంది ఆగడం.

నేను రోజూ మధ్యాన్నం క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. అప్పటికి ఎప్పుడూ ఖాళీ అయిపోయే వరండాలో తట్టలు ఇంకా వరసలోనే ఉండేవి. ఆడవాళ్ళు కొంగులు తడిపి రొయ్యల మీద కప్పేవారు. లోపల ఈయన మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వంక చూస్తూ ఉండేవారు. మిషను కొన్ని స్లిప్పులు చకచకా వేసేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. ఏం చేసినా కదిలేది కాదు. కాసేపయ్యాక దానంతటదే మళ్ళీ మొదలెట్టేది.

బంగారమ్మ కిటికీలోంచి తల పెట్టి, "ఏటి బాబూ, మీ మిషనుకి కునుకట్టిందేటి?" అంది.

"వస్తుందమ్మా, ఆలోచించుకుంటోంది."

"ఆలోసించుకోడానికేటుంది? నాను తెచ్చాను, మీరు తూశారు. దానికేమన్నా కూతురి పెళ్ళా?"

వరసలో అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తట్టలోంచి ఒక రొయ్య తీసి తల చూసుకుని మళ్ళీ కొంగు కప్పింది.

వీరభద్రరావుగారు చెడ్డవాడు కాదు. ఆయన పైన ఇంకొకరున్నారు. చేత్తో రాసిన స్లిప్పుల్లో దొంగ తూకాలు దొరికాయని కాకినాడ ఆఫీసువాళ్ళు మిషను స్లిప్పు తప్ప ఒప్పుకోవడం మానేశారు. నల్ల తలలు పెరుగుతుంటే వాళ్ళు వీరభద్రరావుగారిని నిలదీశారు. ఆయన వచ్చి మా ఆయనతో, "మహేశ్వరం, మాఘం వచ్చేలోగా ఈ వరస కదలకపోతే షెడ్డెత్తేసి కాకినాడలోనే కొంటామంటున్నారయ్యా. నా చేతిలో లేదు" అన్నారు. అంటే జోసెఫిన్ ఆడవాళ్ళకి పని పోతుంది. దరియాలతిప్ప తట్టలకి ఐసు పోతుంది. మా ఆయన కుర్చీ పోతుంది. మాఘం ఎంతో దూరం లేదు.

ఇక వెతకడం మొదలెట్టారు. మొదట కరెంటు అనుకున్నారు. ఐసు మోటారు తిరిగినప్పుడల్లా లైటు గుడ్డిదవుతుంది కదా అని, ఒక పూట మోటారు ఆపించి చూశారు. మోటారు ఆగింది, మిషనూ ఆగింది. వేడి అనుకున్నారు. కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టించి నీళ్ళు చల్లించారు. గది చల్లగా సువాసనగా తయారైంది, మిషను ఆగుతూనే ఉంది. గాలిలో ఉప్పు అనుకున్నారు, గుడ్డతో తుడిచీ తుడిచీ మీటల మీది అక్షరాలు చెరిగిపోయాయి. పసుపు ఇంకా లోపల ఎక్కడో ఉందేమోనని కూడా అనుకున్నారు. ఇంట్లో అన్నం కలుపుతూ మధ్యలో చెయ్యి ఆపేసేవారు. "ఏవండీ, చల్లారిపోతోంది" అంటే, "ఆఁ" అని మళ్ళీ కలిపేవారు.

కార్తీకం వెళ్ళాక వాయుగుండం పట్టి పడవలు వేటకి వెళ్ళని రోజొకటి వచ్చింది. నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి షెడ్డంతా ఖాళీ. ఈయనొక్కరే మిషను ముందున్నారు. "కూర్చో, చూడు" అన్నారు. కనకాలపేటలో మరియదాసు అని ఒకాయన, ఆ పేరుతో ఇంకొకరు లేరు గనక ఆయనకి తండ్రి పేరూ గుర్తూ ఏమీ అతకలేదు. ఆ ఒక్క పేరే కొట్టారు. స్లిప్పు పడింది. మళ్ళీ అదే కొట్టారు, మళ్ళీ పడింది. అలా కొడుతూనే ఉన్నారు, మిషను ఆగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. "బాగైపోయిందాండీ?" అన్నాను.

ఆయన వేళ్ళు మళ్ళీ మీటల మీద పెట్టారు. ఈసారి ఓలేటి ధర్మారావు, తండ్రి అప్పన్న, ఎర్రచేప పడవ అని కొట్టారు. అదే మళ్ళీ మళ్ళీ కొట్టారు. కాసేపటికి మిషను నిలబడిపోయింది. వాన చూరు మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చూశావా" అన్నారు. "నేను కలిపిందే."

మర్నాడు పోస్టాఫీసుకి వెళ్ళి మద్రాసుకి ట్రంకు కాల్ బుక్ చేశారు. నేను బల్ల మీద కూర్చున్నాను. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషు. ఇంటికి నడుస్తూ నాకు చెప్పారు. పేరు ముక్కలు అతికినప్పుడల్లా పనికిరాని తునకలు కొన్ని మిషను లోపల పడిపోతాయిట. చోటు నిండాక పని ఆపి ఊడ్చుకుంటుందిట. పాత భాష చిన్నది, చోటు ఎక్కువ మిగిలేది, అందుకని ఊడ్చుకున్నా మనకి తెలిసేది కాదు. కొత్త భాష వస్తూనే సగం ఇల్లు ఆక్రమించేసుకుందిట. మిగిలిన ఇరుకులో మాటిమాటికీ ఊడ్చుకోవాల్సొస్తోందిట.

"జనాన్ని పంక్తిలో కూర్చోబెట్టి మధ్యలో చీపురు పట్టుకుంటారాండీ ఎవరైనా?" అన్నాను.

"దానికి పంక్తి అని తెలీదే" అన్నారు.

మిషను లోపల చోటు పెంచే చిప్పులనేవి మద్రాసులో అమ్ముతారుట. కొనమని అడిగితే, ఎత్తేసే షెడ్డుకి కొత్త సామానేమిటని కాకినాడ వాళ్ళన్నారు. వీరభద్రరావుగారు, "పేర్లతో పనేమిటయ్యా, నెంబర్లు పెట్టెయ్" అన్నారు. ఈయన ఇంటికొచ్చి చొక్కా విప్పి వంకీకి తగిలించారు. చారన్నం అడగలేదు, పడుకున్నారు. తెల్లారి వెళ్ళి తను అతికినదంతా తనే తీసేశారు.

మిషను గుర్రంలా పరిగెత్తింది. వీరభద్రరావుగారు అందరికీ టీ తెప్పించారు.

ఆడవాళ్ళకి రేకు బిళ్ళల మీద నెంబర్లు కొట్టి ఇచ్చారు. కానీ ఆ ఇళ్ళల్లో తట్టలు తెచ్చే పద్ధతి వేరు. తోడికోడళ్ళలో ఆ పూట ఎవరికి వీలైతే వాళ్ళు అందరి తట్టలూ వ్యానెక్కించి తెస్తారు. ఇదివరకు పేరూ తండ్రి పేరూ పైకి చదివేవారు గనక, తేడా వస్తే అక్కడే దిద్దుకుని ఎవరిది వాళ్ళకి చేరేది. ఇప్పుడు బిళ్ళలన్నీ ఒక కొంగులో కట్టి తేవడం, ఏ తట్టకి ఏ బిళ్ళో తెలియకపోవడం. ఒకరోజు బంగారమ్మ పెద్ద రొయ్యలు తోడికోడలి నెంబరు మీద పడ్డాయి. వరండాలో జుట్టు జుట్టు పట్టుకున్నారు. లూయిస్ మధ్యలోకి వెళ్తే అతని చొక్కా చిరిగింది.

"పేరు సదవండి బాబూ" అంది బంగారమ్మ, రొప్పుతూ.

"పేరు లేదమ్మా, నెంబరే."

"నెంబరేటి? నానేమన్నా జైల్లో ఉన్నానా?"

లోపల నుంచి మా ఆయన లేచొచ్చారు. "అమ్మా, పేరు పెడితే మిషను ఆగిపోతోందమ్మా" అన్నారు.

"ఇదివరకు ఆగలేదుగా?"

భాష మారిందని చెప్పారు. ఆవిడ ఆయన మొహం చూసి, "మాటాడేది మీరేగా బాబూ, బాస మారడమేటి?" అంది.

ఆయన ఊరుకోలేదు. తండ్రి పేరులో మొదటి అక్షరం మాత్రం పెట్టి చూశారు, అంత చిన్న ముక్కైతే మిషను ఓర్చుకుంటుందని. ఓర్చుకుంది. కానీ ఆ ధర్మారావుల తండ్రులు అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు. అందరికీ ఒకే అక్షరం పడింది. జోసెఫిన్ అది చూసి, "సింహాచలం అప్పన్నసామి కూడా మీ మీద పగబట్టాడండి" అంది. పడవ గుర్తు ఒక్కటీ పెట్టి చూశారు. పడవలు మారుతుంటాయి, ఒకరి పడవలో ఇంకొకరు వెళ్తారు, అదీ కుదరలేదు. ఆఖరికి పేర్లన్నీ మళ్ళీ పెట్టేశారు. మిషను మళ్ళీ ఆగడం మొదలెట్టింది. ఈసారి వరసలో ఎవరూ దెప్పలేదు. దెప్పడానికి అంతమంది లేరు.

గట్టు మీద బయటి నుంచి ఒక లారీ ఆయన రావడం మొదలెట్టాడు. పేరడగడు, స్లిప్పివ్వడు. కాటా వేసి గబగబా ఎత్తించుకుపోతాడు. ధర తక్కువ. అయినా రొయ్య నల్లబడదు, తోడికోడళ్ళకి తగువు రాదు. ముందు ధర్మారావుల తట్టలు అటు వెళ్ళాయి, తరవాత దరియాలతిప్పంతా వెళ్ళింది. మరియదాసు మాత్రం కొన్నాళ్ళు షెడ్డుకే తెచ్చాడు. ఒక్క పేరున్న మనిషి కదా, అతని స్లిప్పు చటుక్కున పడేది. లూయిస్ ఖాళీ వరండా వైపు చూసి గట్టిగా చదివేవాడు.

మాఘం రాకుండానే ఎత్తేశారు. మిషనుని లారీ ఎక్కిస్తుంటే ఈయన దగ్గరుండి గోనె సంచులు కింద వేయించారు. అదురుతుందని చెబుతుంటే ఎక్కించేవాళ్ళు విసుక్కున్నారు. కాకినాడలో వాళ్ళ మనుషులున్నారు గనక ఈయన్ని రమ్మనలేదు. లూయిస్‌ని తీసుకున్నారు. జోసెఫిన్ కొన్ని రోజులు తన ఆడవాళ్ళతో మొదటి బస్సెక్కి కాకినాడ వెళ్ళొచ్చింది. చంటిపిల్లల తల్లులు మానేశారు, తరవాత ఆవిడా మానేసింది. బజార్లో కనపడితే "ఎలా ఉన్నారండి" అనేది. ఈయన "బానే ఉన్నామమ్మా" అనేవారు. ఇద్దరూ షెడ్డు మాట ఎత్తేవారు కాదు.

పని లేకపోవడం ఆయనకి కొత్త కాదు. కానీ ఇదివరకు ఇంకోచోట అడిగేవారు. ఈసారి అడగలేదు. "నేను కలపకపోతే నడిచేది కదే" అన్నారొకసారి. "మీరు కలపకపోతే ముందు నుంచే కొట్టుకునేవారు కదండీ" అన్నాను. "అదీ నిజమే" అన్నారు. రెండూ నిజమే. ఆ రెంటి మధ్య ఆయనకి చోటు దొరకలేదు. ఈ వేసవిలో గుండెల్లో నీరు చేరిందన్నారు. కాకినాడ ఆసుపత్రిలో పెట్టి, ఇంటికి పంపేశారు. కాళ్ళు వాచి ఉండేవి. నేను పొద్దుటా సాయంత్రం కాపడం పెట్టేదాన్ని. అంతకంటే నాకేమీ చేతకాలేదు.

ఆషాఢంలో ఒక ఆదివారం చర్చి అయ్యాక లూయిస్ చూడ్డానికొచ్చాడు. స్టూలు మీద కూర్చుని, "మద్రాసు నుంచి ఇంకో భాష దిగిందండి మహేశ్వరంగారూ" అన్నాడు. మంచి కబురు తెచ్చాననే అతని ఉద్దేశం. "ఆ ఊడ్చుకునే జబ్బు బాగుచేశారట. మన మిషనే అది, అక్కడా అదే నడుస్తోంది. ఎంత పొడుగు పేరు కొట్టినా ఆగదట."

ఆయన దిండు మీద కాస్త లేచారు. నేను వీపు పట్టుకున్నాను.

"అయితే పేర్లు వేస్తున్నారా?"

"లేదండి. అక్కడికి లారీల వాళ్ళే తెస్తారు. లారీ నెంబరేస్తారు, అంతే."

"దరియాలతిప్ప వాళ్ళెవరూ రావట్లేదా?"

"కాకినాడ దాకా ఎక్కడొస్తారండి."

ఆయన దుప్పటి కాళ్ళ మీదకి లాక్కున్నారు. తరవాత, "ఆ గట్టు మీద లారీ ఆయన ఐసు వేస్తున్నాడా?" అని అడిగారు.

లూయిస్ నా వంక చూశాడు. అతనికి తెలీదు. నాకూ తెలీదు. "వేస్తాడు లెండి, వెయ్యకుండా ఎలా" అన్నాడు చివరికి. ఆయన మళ్ళీ పడుకున్నారు. నేను లూయిస్‌కి మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళాను.